టైపు మిషను - తప్పిపోయిన గేదె

మీ ఇంట్లో గాని, బడిలో గాని కంప్యూటరు ఉంటే దాని మీటలమీద ఒకసారి వేళ్ళు ఆనించి చూడండి. కళ్ళు మూసుకుని చూడాలి సుమా! ఎఫ్, జె అనే రెండక్షరాల మీటలమీద చిన్న గీత ఒకటి వేలికి గరుకుగా తగులుతుంది. మిగిలిన అక్షరాల మీటలన్నీ నున్నగానే ఉంటాయి. ఆ రెంటికే ఎందుకు గీతలు పెట్టారు?

కళ్ళతో చూడకుండా చేతులు తమ చోటు తాము వెతుక్కోవటానికి. ఎడమ చూపుడువేలు ఎఫ్ మీద, కుడి చూపుడువేలు జె మీద ఆనిస్తే, మిగతా వేళ్ళు వాటంతట అవే వరసలో సర్దుకుంటాయి. నేను టైపు నేర్చుకున్న మిషన్లకు ఆ గీతలు కూడా లేవు. "చేతులకు కళ్ళు మొలవాలిరా!" అనేవారు మా టైపు మాస్టారు. ఆయన మాట నేను మొదట్లో వినలేదు. వినకపోవటం మూలాన ఒక ముసలమ్మ గేదె తప్పిపోయింది. టైపు మిషనుకూ గేదెకూ ఏమిటి సంబంధం అంటారా? అదే చెబుతాను.

మాది బాపట్ల. ఇప్పుడు మండలాలు ఉన్నాయి గాని, అవి వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలు ఉండేవి. మా నాన్నగారు తాలూకా కచేరీ ముందు చింతచెట్టు కింద చాప వేసుకుని అర్జీలు రాసేవారు. పొలం గట్టు తగాదాలూ, ఇళ్ళస్థలాలూ, ముసలివాళ్ళ పింఛన్లూ, ఇలా ఏ కష్టం ఉన్నా చదువురానివాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన ముందు ఒక చిన్న చెక్కపెట్టె, దానిమీద సిరాబుడ్డీ, అద్దుడు కాగితమూ, రాజమండ్రి రత్నం పెన్నూ ఉండేవి. దస్తూరీ ముత్యాలు గుచ్చినట్టుండేది. రాయటం కాగానే అర్జీ మొత్తం పైకి చదివి వినిపించేవారు. వచ్చినవాళ్ళు, "అంతే పంతులుగారూ, నేను చెప్పింది అదే," అన్నాకనే వేలిముద్ర వేయించేవారు. అర్జీకి రూపాయి.

1976లో కాబోలు, అదే చెట్టుకింద రెండోవైపున ఒకాయన మడతబల్ల వేసి, దానిమీద టైపు మిషను పెట్టుకుని కూచున్నాడు. మొదట జనం దాన్ని చూడటానికి మూగారు; తరవాత దానిమీద అర్జీలు కొట్టించుకోవటం మొదలుపెట్టారు. టైపు కొట్టిన కాగితమైతే గుంటూరులో కలెక్టరుగారు వెంటనే చదువుతారని ఒక నమ్మకం. నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు గాని, మా ఇంటికి వచ్చే రూపాయలు మాత్రం సగమయ్యాయి.

మరుసటి ఏడు వేసవిలో నేను పదో తరగతి పరీక్షలు రాసి ఊరికే తిరుగుతున్నాను. ఒకనాటి రాత్రి అన్నం తింటూ నాన్నగారు, "ఒరేయ్, రేపటినుంచి టైపులో చేరు," అన్నారు.

నాకు కోపం వచ్చింది. "ఆ మిషనే గదా నాన్నా మన పొట్ట కొట్టింది!" అన్నాను.

"మిషను ఏం చేసిందిరా? అది నాకు రాదు, అంతే," అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ. నెలకు ఫీజు పది రూపాయలు. అంటే పది అర్జీలన్నమాట. ఆ లెక్క నేను వేసుకున్నాను. ఆయన పైకి అనలేదు.

టైపు ఇన్‌స్టిట్యూటు ఒక మేడమీద, పెంకుల పాకలో ఉండేది. ఎనిమిది మిషన్లు. రెమింగ్టన్లూ, ఒక హాల్డా, ఒక గోద్రెజ్. మన దేశంలో తయారైన మొదటి టైపు మిషను గోద్రెజ్ వారిదే, 1955లో వచ్చింది. తెల్లవారి ఆరు గంటలకు మొదటి బ్యాచి. ఎనిమిది మిషన్లూ ఒక్కసారి మోగుతూ ఉంటే రేకుల కప్పుమీద వడగళ్ళు పడుతున్నట్టే ఉండేది.

మొదటి పాఠం అందరికీ ఒక్కటే. ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. తరవాత కుడిచేత్తో సెమీకోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. పదిహేను రోజులపాటు ఇదే. కాగితం నిండేదాకా కొట్టటం, తిప్పి రెండో పక్క కొట్టటం. చిటికెనవేలు ఉన్నదనే సంగతి మనిషికి టైపు నేర్చుకునేటప్పుడే తెలుస్తుంది. ఆ పాత మీటలు మీ కంప్యూటరు మీటల్లాగా తాకితే దిగేవి కావు, దెబ్బ వెయ్యాలి. చిటికెనవేలితో 'ఏ' కొడితే మసకగా, చూపుడువేలితో 'ఎఫ్' కొడితే నల్లగా పడేది. కాగితం చూసి ఏ వేలు బద్ధకిస్తున్నదో మాస్టారు చెప్పేసేవారు.

నాకు మిషను లోపలి పని చూడటం మహా సరదా. మీకూ చెబుతాను. మీట ఒక చివర నొక్కితే రెండో చివర ఒక ఉక్కు పుల్ల ఎగిరి లేస్తుంది. దాని తలమీద అక్షరం అద్దంలో కనపడినట్టు తిరగబడి ఉంటుంది. అది సిరా పట్టిన రిబ్బనును తన్నుతుంది. రిబ్బను వెనక కాగితం, కాగితం వెనక రబ్బరు రోలరు. అక్షరం అచ్చుపడుతుంది. రోలరు ఉన్న బండిని క్యారేజి అంటారు. లోపల బిగించి ఉన్న స్ప్రింగు ఆ బండిని ఎప్పుడూ ఎడమవైపుకు లాగుతూనే ఉంటుంది. కాని పళ్ళచక్రం ఒకటి దాన్ని పట్టి ఉంచుతుంది. మీట కొట్టినప్పుడల్లా ఒక్క పన్ను మాత్రం వదులుతుంది, బండి ఒక అక్షరమంత జరుగుతుంది. గోడగడియారం టిక్కుటిక్కుమనేది కూడా ఇటువంటి ఏర్పాటుతోనే. వరస చివరికి వస్తున్నదనగా చిన్న గంట "టింగ్!" మంటుంది. అప్పుడు చేత్తో బండిని కుడికి నెట్టి కొత్త వరస మొదలుపెట్టాలి. తమాషా ఏమంటే, అలా నెట్టినప్పుడే లోపలి స్ప్రింగు మళ్ళీ చుట్టుకుంటుంది. అంటే మిషనుకు కీ ఇచ్చేది మన చెయ్యే. కరెంటుతో పని లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తరవాత అవసరం వస్తుంది.

మా మిషన్లలో కొన్నిటికి ఒకటి అంకె లేదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరమే ఒకటి అనుకోవాలి! ఒక మీట తగ్గితే తయారీ ఖర్చు అంత తగ్గినట్టే గదా.

అక్షరాలు అలా కలగాపులగంగా ఎందుకున్నాయని మాస్టారును అడిగాను. ఈ మిషనుకు మూలపురుషుడు అమెరికాలోని మిల్వాకీ పట్టణంలో ఉండిన షోల్స్ అనే ఆయన. 1868లో ఆయనకూ, ఆయన స్నేహితులకూ పేటెంటు వచ్చింది. మొదట చేసిన మిషనులో మీటలు పియానో మెట్లలాగా, అక్షరాలు ఇంగ్లీషు వరసలోనే ఉండేవి. ఏళ్ళ తరబడి మార్చగా మార్చగా ఇప్పటి వరస దాదాపుగా ఏర్పడింది. 1874లో రెమింగ్టన్ వారు ఆ మిషనును అమ్మటం మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్ళు తుపాకులూ, కుట్టుమిషన్లూ చేసేవారు. పాత వరస ఆనవాలు ఇంకా మిగిలే ఉంది: మధ్య వరసలో డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్ చూడండి. నడుమ ఇ, ఐ లేకపోవటం తప్ప, మీరు బడిలో చదివే వరసే!

సరే, నా తప్పు సంగతికి వస్తాను.

నాకు వేళ్ళు చురుకు, ఓపిక తక్కువ. మీటలకేసి చూస్తూ కొడితే పక్కవాళ్ళకన్న జోరుగా కొట్టగలిగేవాణ్ణి. మాస్టారు చూశారంటే నా చేతులమీద అట్టముక్క కప్పేవారు. ఆయన అటు తిరగగానే నేను మెడ వంచి అట్టకింద నుంచి చూసేవాణ్ణి. లోయరు పరీక్షకు నిమిషానికి ముప్ఫై మాటలు కొట్టాలి. మాటకు అయిదు దెబ్బల చొప్పున పది నిమిషాలకు 1500 దెబ్బలు. సెకనుకు ఎన్నో మీరే లెక్క వేసుకోండి. అక్టోబరుకల్లా నేనా జోరు అందుకున్నాను. "వేగం సరేరా, నీ కళ్ళెక్కడున్నాయి?" అని మాస్టారు అడిగారు. "కాగితంమీదే ఉన్నాయండీ," అన్నాను. అబద్ధం.

1977 నవంబరు 19, శనివారం. పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. ఆనాటి తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. కృష్ణ అవతల దివిసీమమీదికి ఉప్పెన వచ్చింది. సుమారు పది వేలమంది పోయారని లెక్క. అంతకన్న ఎక్కువమందే అన్నవారూ ఉన్నారు. మా బాపట్లలో ఆ రాత్రి గాలి మోత ఎలా ఉన్నదో నేను రాయలేను. మా అమ్మ మమ్మల్ని గది మూల కూచోబెట్టి, పైన పరుపు కప్పింది. తెల్లవారి చూస్తే మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు లేదు. కచేరీ ముందు చింతచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. కరెంటు స్తంభాలు వంగి నేలకు ఆనుకున్నాయి.

ఇన్‌స్టిట్యూటు కప్పు ఎగిరిపోయింది. మిషన్లన్నీ రాత్రంతా వానలో నానాయి. నేనూ, మరి ఇద్దరు పిల్లలమూ మాస్టారికి సాయం వెళ్ళాం. మిషన్లను ఎండలో పెట్టి, తుప్పు పట్టకుండా కిరసనాయిలు గుడ్డతో ప్రతి పుల్లనూ తుడిచి, కుట్టుమిషను నూనె వేశాం. ఎనిమిదిట్లో అయిదు బతికాయి. ఒక్కొక్కటి పదిహేను కిలోలు ఉండేదేమో, మేడమెట్లు దింపేసరికి చేతులు పడిపోయేవి.

అప్పుడే అర్జీల గిరాకీ వచ్చిపడింది. ఊరూరా కరణాలు నష్టం లెక్కలు రాస్తున్నారు. ఆ లెక్కలోకి పేరు ఎక్కనివాళ్ళు, ఎక్కినా సగమే ఎక్కినవాళ్ళు అర్జీ పెట్టుకోవాలి. సముద్రం దిక్కు పల్లెలనుంచి నడిచివచ్చి, పడిన చింతమానుమీదే వరసగా కూచునేవారు. టైపు ఆయన ఇల్లు కూలిపోయి నెలరోజులు రాలేదు. నాన్నగారు చేత్తో రాసి రాసి మణికట్టు వాచింది. తాలూకాకు ఒకటి, గుంటూరుకు ఒకటి, అర్జీదారు దగ్గర ఉంచుకోవటానికి ఒకటి. ప్రతి అర్జీ మూడుసార్లు రాయాలి మరి!

మాస్టారు నన్ను పిలిచి, "ఒక మిషను తీసుకుపోరా. కప్పు వేసేదాకా ఇక్కడ ఎవరు నేర్చుకుంటారు? మీ నాన్నకు పనికొస్తుంది," అన్నారు. ఊరంతా చీకటి, మిషను మాత్రం ఎప్పటిలాగానే పనిచేసింది. దానికి కీ ఇచ్చేది మన చెయ్యే అన్నానే, అదీ సంగతి. మూడు కాగితాల నడుమ రెండు కార్బను కాగితాలు పెట్టి కొడితే మూడు ప్రతులూ ఒక్కసారే వచ్చేవి.

నాన్నగారు చెప్పింది విని చిత్తు రాసేవారు. అర్జీల ఇంగ్లీషు ఆయనకు కొట్టినపిండి. నేను దాన్ని చూసి టైపు కొట్టేవాణ్ణి. రోజుకు ముప్ఫై, నలభై. జనం నా వేళ్ళకేసి నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వంలో ఒక సంగతి మరిచాం. నాన్నగారు తెలుగు అర్జీని ఎప్పుడూ చదివి వినిపించేవారని చెప్పాను గదా. ఈ ఇంగ్లీషు అర్జీలను ఎవరూ ఎవరికీ చదివి వినిపించలేదు. వినేవాళ్ళకు ఇంగ్లీషు రాదు. చదివేవాళ్ళకు తీరిక లేదు.

డిసెంబరు నెలాఖరున ఒక ముసలమ్మ వచ్చింది. నెలనాళ్ళ కిందట మా దగ్గరే అర్జీ కొట్టించుకున్న మనిషి. కార్బను ప్రతిని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది.

"పంతులుగారూ! పాక పడిపోయినందుకు డబ్బు ఇస్తామన్నారు. గేదె సంగతి అడిగితే కాయితంలో గేదె లేదంటున్నారు. చూడితో ఉన్న గేదె బాబూ! మీకు చెప్పాను గదా?" అన్నది.

"చెప్పావమ్మా, నేను రాశాను," అన్నారు నాన్నగారు. ఆయన ఏ చిత్తూ పారేసేవారు కాదు. పెట్టెలోంచి దారానికి గుచ్చిన చిత్తుల కట్ట తీసి, ఆమెది వెతికి పట్టుకున్నారు. చిత్తునూ, కార్బను ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క వరసా వేలు పెట్టి చూస్తూ వచ్చారు. నాలుగో వరస దగ్గర ఆయన వేలు ఆగింది.

మూడో వరసలో పాకా, సామానూ. నాలుగో వరసలో గేదె. రెండు వరసల చివరా ఒకే మాటలున్నాయి: కొట్టుకుపోయినవని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. నేను మూడో వరస చివరి మాటలను మీటలకేసి చూస్తూ కొట్టాను. కొట్టి తల ఎత్తాను. నా కళ్ళకు చిత్తులో నాలుగో వరస చివర ఉన్న ఆ మాటలే కనిపించాయి. అది కొట్టేశాననుకుని అయిదో వరసలోకి వెళ్ళిపోయాను. నడుమ ఉన్న గేదె గేదెలాగే పోయింది. తల దించకుండా కొట్టేవాడికి ఈ తప్పు ఇంత తేలిగ్గా జరగదు, ఎందుకంటే వాడి చూపు కాగితంమీది వరసను వదిలిపెట్టదు.

నాన్నగారు నన్ను తిట్టలేదు. "గేదె కాగితంమీద ఉందిరా. నువ్వు మీటలమీద వెతికావు," అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

ముసలమ్మకు విషయం నేనే చెప్పవలసి వచ్చింది. అంతా విని ఆమె నా వేళ్ళకేసి చూసి, "చిన్నపిల్లాడివి బాబూ, ఎన్నని కొడతావు!" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది.

నాన్నగారు అప్పటికప్పుడు తెలుగులో, తన చేత్తో, ఇంకొక అర్జీ రాసి ఆమెకు చదివి వినిపించారు. డబ్బు పుచ్చుకోలేదు. లెక్కలు అప్పటికే గుంటూరు వెళ్ళిపోయాయని తెలిసింది. మర్నాడు నన్ను ఆమెను వెంటబెట్టుకుని రైల్లో గుంటూరు వెళ్ళమన్నారు. ఇద్దరికీ టిక్కెట్లు నా టైపు సంపాదనలోంచే. కచేరీ వరండాలో సాయంత్రం దాకా నిలుచున్నాం. గుమాస్తా ఒకాయన అర్జీ పుచ్చుకుని, "చూస్తాం," అన్నాడు. తిరిగివచ్చేటప్పుడు తెనాలి స్టేషనులో ఆమె తన కొంగులోంచి రెండు అరటిపళ్ళు తీసి నాకు ఒకటి ఇచ్చింది.

పాక డబ్బు ఆమెకు సంక్రాంతి దాటాక అందింది. గేదె డబ్బు రాలేదు. వేసవి వచ్చింది, మళ్ళీ వానలూ వచ్చాయి, అయినా రాలేదు. ఆమె ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మా దగ్గర ఆగి, "మన గేదె సంగతి ఏమయినా తెలిసిందా బాబూ?" అని అడిగేది. మన గేదె అనేది.

జనవరిలో ఇన్‌స్టిట్యూటుకు తాటాకు కప్పు వేశారు. నేను మిషను తిరిగి ఇచ్చి, మాస్టారితో జరిగింది చెప్పి, "మళ్ళీ మొదటినుంచి నేర్పండి," అన్నాను. ఆయన ఏమీ అనకుండా అట్టముక్క తెచ్చారు. నేను వద్దని, మా నాన్నగారి పాత కండువాను నా రెండు చేతులమీదా కప్పమన్నాను, అట్టకైతే సందులుంటాయి. మళ్ళీ ఏ, ఎస్, డి, ఎఫ్. నా జోరు సగానికి పడిపోయింది. నా తరవాత చేరిన పిల్లలు నన్ను దాటిపోతుంటే ఏడుపు వచ్చేది. ఒక రోజు, మార్చిలో అనుకుంటాను, ఒక పేజీ మొత్తం కొట్టి చూస్తే ఒక్క తప్పు లేదు. వేళ్ళు ఎప్పుడు దారి తెలుసుకున్నాయో నాకు తెలియనే లేదు. ఈత వచ్చినట్టు, సైకిలు వచ్చినట్టు, అదీ అలాగే వస్తుంది. ఆ ఏడే లోయరు ప్యాసయ్యాను.

తరవాత నేను గుమాస్తాను కాలేదు, బడిపంతులునయ్యాను. అయినా టైపు నన్ను వదలలేదు. పరీక్ష ప్రశ్నపత్రాలు స్టెన్సిలుమీద కొట్టాలి. స్టెన్సిలంటే మైనం పూసిన పలచని కాగితం. రిబ్బను తప్పించి ఉత్త అక్షరాలతో కొడితే మైనం తెగి సందులు పడతాయి. వాటిగుండా సిరా దిగి సైక్లోస్టైలులో వందల ప్రతులు వస్తాయి. ఒక్క తప్పు పడిందా, వందల మంది పిల్లల చేతిలోనూ అదే తప్పు. అంచేత నేను ప్రతి స్టెన్సిలునూ ఇంకొక పంతులు చేత పైకి చదివించి, చిత్తుతో సరిచూసుకునేవాణ్ణి. "మీకింత చాదస్తం ఏమిటండీ?" అని నవ్వేవారు. నేను గేదె కథ చెప్పేవాణ్ణి కాదు. హెడ్మాస్టరునయి, 2021లో రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

గోద్రెజ్ వారు 2009లో టైపు మిషన్లు చెయ్యటం మానుకున్నారు. మా ఇన్‌స్టిట్యూటు అంతకు ముందే మూతపడింది. అప్పుడు తుఫానులో నానిన ఆ మిషనును నేను కొనుక్కున్నాను. ఇప్పటికీ వారానికొకసారి నూనె వేస్తాను. గంట బాగానే మోగుతుంది.

ఆదివారంనాడు మా వీధి పిల్లలు దానిమీద తమ పేర్లు కొట్టుకోవటానికి వస్తారు. వాళ్ళకు ముందుగా అలవాటు కావలసింది, చెరిపే మీట లేదన్న సంగతి! "పొరపాటు కొడితే ఎలా తాతయ్యా?" అని గుండెలమీద చెయ్యి వేసుకుంటారు. మొన్న అయిదో తరగతి చదివే పిల్ల ఒకతె వచ్చి, తనకు చూడకుండా కొట్టటం వచ్చునని పందెం వేసింది. నేను ఆమె చేతులమీద కండువా కప్పాను. నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమే కొట్టి, "అయిపోయింది!" అన్నది. కాగితం పైకి తిప్పి చూసింది. మళ్ళీ చూసింది.

"తాతయ్యా, నా పేరులో ఒక అక్షరం పోయింది," అన్నది.

ఎక్కడ పోయిందో ఇద్దరం కూచుని వెతికాం.